అన్న పేరుకు కాపలా

అన్న పోయిన తర్వాత సెంటర్ తాళాలు నా చేతికి వచ్చాయి. నల్గొండలో ఒక రేడియో రిపేరు షాపు పైన, ఇనుప మెట్లెక్కి వెళ్ళే గది అది. ఉన్న ఒక్క కిటికీ పక్క బిల్డింగు గోడ వైపు ఉండేది కాబట్టి తెరిచినా మూసినా ఒకటే. పగలు కంప్యూటర్ క్లాసులు, సాయంత్రం అదే గదిలో ఆట. తొంభైల ఆఖరు సంవత్సరాలు. ఇళ్ళల్లో కంప్యూటర్లు లేవు. ఇంటర్నెట్ అనేది మాకు పేపర్లో చదివిన మాట. కలిసి ఆడుకోవాలంటే పిల్లలు మా దగ్గరికే రావాలి. పిల్లలు అంటున్నాను గాని వాళ్ళంతా డిగ్రీ చదివేవాళ్ళు, మీసాలు వచ్చినవాళ్ళు.

క్లాసులు నాకు కొత్త కాదు. అన్న ఉన్నప్పుడే పొద్దుటి బ్యాచులకు నేను చెప్పేదాన్ని. ఆట మాత్రం అన్నది. సాయంత్రం కాగానే నేను పానగల్ పోయే బస్సెక్కి ఇంటికి వెళ్ళి, గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకం తెరిచేదాన్ని. తుపాకులతో ఒకరినొకరు కాల్చుకునే ఆటలో ఏముందో అడగాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఆట ఎట్లా నడుస్తుందో ముందు చెప్పాలి. గదిలో మిషన్లన్నిటినీ కలుపుతూ ఒక నల్ల కేబుల్ గోడ వారగా పోయేది. ఆడేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో మిషన్ ముందు కూర్చుంటారు. మూలన ఉన్న పాత మిషన్ ముందు ఎవరూ కూర్చోరు. అది సర్వర్. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి గుండు ఎవరికి తగిలింది, అన్నీ అది చూసుకుంటుంది. ఆ ఆటను తయారు చేసినవాళ్ళు ఎక్కడో విదేశంలో ఉన్నారు. వాళ్ళు దాని నియమాలు, స్థలాలు మనకు నచ్చినట్టు మార్చుకునే వీలు ఉంచారు. అట్లా మార్చి తయారు చేసినదాన్ని మాడ్ అంటారు. అన్న ఒక మాడ్ తయారు చేశాడు.

అసలు ఆటలో చీకటి వరండాలు, ఇనుప తలుపులు ఉండేవి. వాటిని తీసేసి అన్న నల్గొండ బస్టాండు కట్టాడు. ప్లాట్‌ఫారాలు, క్యాంటీన్, విచారణ కౌంటర్, చెరుకు రసం బండి. దేవరకొండ, మిర్యాలగూడ, నందికొండ బోర్డులు. ప్లాట్‌ఫారాల ముందు బస్సులు నిలబడి ఉండేవి. అవి కదలవు. వాటిని కదిలించడం తనకు చేతకాలేదని అన్నే చెప్పాడు. ఆట మాట్లాడే మాటలు కూడా మార్చాడు. ఎవరైనా కొత్తగా ఆటలోకి వస్తే అందరి తెరల మీద వాళ్ళ పేరు పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో 'వచ్చిండు' అని పడేది.

ఆడేచోట కొట్లాట ఉంటుంది. మోసం చేసేవాడు, తిట్లు రాసేవాడు ఉంటారు. వాళ్ళను అదుపులో పెట్టడానికి అన్న తనకు కొన్ని అధికారాలు రాసుకున్నాడు. స్థలం, భూమి ఆకర్షణ లాంటివి మార్చడం, ఆటలోంచి ఒకరిని బయటికి పంపడం, అల్లరి చేసినవాడిని ఒక బస్సులో పెట్టడం. బస్సు తలుపులు తెరుచుకోవు. లోపలివాడు అద్దాల్లోంచి ఆట చూస్తూ కూర్చోవాలి. మర్నాడు వచ్చినా వాడి పేరు బస్సులోనే ఉంటుంది. అన్న వదిలితేనే బయటికి వస్తాడు. అన్నకు మాత్రం గుండు తగలదు. మధ్యలోకి నడిచి వెళ్ళి తగాదా తీర్చాలి కదా, అందుకు.

ఇవన్నీ చేసేది అన్నే అని సర్వర్‌కు ఎట్లా తెలియాలి? పేరు చూసి తెలుసుకుంటుంది. ఆటలోకి వచ్చేటప్పుడు ప్రతివాడూ ఒక పేరు కొడతాడు. అన్న మొదట తన పేరే పెట్టాడట. తెర మీద ఆ పేరు కనపడితే పిల్లలకు తుపాకి ఎత్తాలంటే మొహమాటం, ఆ పేరు రాసి ఏదైనా అడగాలన్నా మొహమాటం. పెద్దవాడిని పేరు పెట్టి ఎట్లా పిలుస్తారు? అందుకని పేరు తీసేసి 'anna' అని పెట్టాడు. అదే మాడ్‌లో రాసేశాడు. ఆ పేరుతో వచ్చినవాడు చెప్పినట్టు సర్వర్ వింటుంది. సంకేతపదం లేదు, ఇంకే ప్రశ్నా లేదు.

అన్న తెలివైనవాడు. క్లాసులో పిల్లలకు సంకేతపదాల గురించి గంటసేపు చెప్పేవాడు. కాని 'అన్న' అనేది పేరు కాదు, వరస అనే సంగతి ఆయనకు తట్టలేదు. ఆ గదిలో ఆయన ఒక్కడే అన్న. గది బయట ప్రతి ఇంట్లో ఒక అన్న ఉన్నాడు.

హైదరాబాద్ నుంచి బండి మీద వస్తూ చిట్యాల దాటాక లారీ కింద పడి అన్న చనిపోయాడు. దాని గురించి ఇంతకంటే రాయను. ఇంటికి వచ్చినవాళ్ళు మంచి మాటలే చెప్పారు. అవి నాకు పడలేదు. అన్న వదిలిపోయిన లావుపాటి మాన్యువళ్ళు చదవడం నయమనిపించింది. వాటిలో ఉన్నది ఉన్నట్టు రాసి ఉండేది.

సెంటర్ మళ్ళీ తెరిచాక పిల్లలు మెల్లగా రావడం మొదలుపెట్టారు. సాయంత్రాలు ఇంటికి వెళ్ళకుండా నేను గదిలోనే కూర్చుని పేపర్లు దిద్దుకునేదాన్ని. నాన్న, మేము బాపు అంటాం, అమ్ముదామన్న మిషన్లను నేనే అమ్మనివ్వలేదు. ఆయనకు నేను చెప్పిన కారణం క్లాసులు. అసలు కారణం ఆట. అన్న బట్టలు ఇచ్చేశాము, బండి తుక్కు కింద పోయింది. ఆయన చేసిన వస్తువుల్లో ఇంకా పదిమంది కలిసి వాడుకుంటున్నది ఈ బస్టాండు ఒక్కటే.

ఒక సాయంత్రం గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. తల ఎత్తి చూశాను. అందరూ తలుపు వైపు చూస్తున్నారు. నేనూ అటే చూశాను. ఎవరూ లేరు. అప్పుడు పక్క మిషన్ తెర చూశాను. 'anna vachindu' అని ఉంది.

"ఎవడ్రా గది?" అన్నాడు నందికొండ పిల్లవాడు. వాళ్ళ నాయిన డ్యామ్ దగ్గర ఇరిగేషన్‌లో పనిచేసేవాడు. ఇతను ఇక్కడ గది కిరాయికి తీసుకుని డిగ్రీ చదివేవాడు. ఆ గదిలో అందరికంటే చురుకు.

రామన్నపేట నుంచి వచ్చే అన్నదమ్ములు ఇద్దరుండేవాళ్ళు. వాళ్ళలో చిన్నవాడు లేచి నిలబడ్డాడు. "నేనే అక్కా. మా అన్న బయట చాయ్ తాగుతుండు. ఆయనకు మిషన్ పట్టి పెడదామని పేరు కొట్టిన."

"మీ అన్నకు పేరు లేదావయ్యా?" అన్నాడు నందికొండ అతను.

"ఉంటది. నేనెట్ల కొడత పేరు?"

"పేరు కొట్టుమంటె నీ అన్నను కొట్టుమన్నట్టు జేస్తున్నవ్."

కొందరు నవ్వారు. నవ్వి నా వైపు చూసి ఆపేశారు. ఇంతలో పెద్దవాడు చాయ్ తాగి వచ్చి, ఏం జరిగిందో తెలియక, తమ్ముడు పట్టిన మిషన్ ముందు కూర్చుని ఆడడం మొదలుపెట్టాడు. ఎంత కాల్చినా అతను పడలేదు. చెరుకు బండి దగ్గర ఎదురుగా నిలబడి నలుగురు కాల్చారు.

"ఏందిరో, మన రామన్నపేటాయన మీద దెబ్బ పడ్తలేదు."

"పొద్దుగాల ఏం తిన్నవన్నా?"

నందికొండ అతను మాత్రం నవ్వలేదు. తెర వైపు, ఆ పేరు వైపు చూస్తూ కూర్చున్నాడు. అతనికి అర్థమైందని నాకు అర్థమైంది. నేను మాత్రం ఏమీ చేయలేకపోయాను, ఎందుకంటే అప్పటికి నాకు మాడ్ లోపల ఏముందో తెలియదు.

మర్నాడు 'anna' పేరుతో అతనే వచ్చాడు. మొదట సరదాగానే ఉంది. భూమి ఆకర్షణ తగ్గించాడు, ఎగిరినవాళ్ళంతా బస్టాండు పైకప్పు మీద తేలారు. గది అంతా కేకలు. తర్వాత తనకంటే ఎక్కువమందిని పడగొట్టినవాళ్ళను ఒక్కొక్కరినే బయటికి పంపడం మొదలుపెట్టాడు. రామన్నపేట పెద్దాయన ఏదో అన్నాడు. అతన్ని బస్సులో పెట్టాడు. వదలలేదు. మర్నాడు కూడా అతని పేరు బస్సులోనే ఉంది. ఇంకో పేరుతో రమ్మంటే పెద్దాయన ఒప్పుకోలేదు. "నా పేరు మీద నేనెందుకు రావద్దు?" అన్నాడు. ఆ మాట న్యాయమే.

మూడోనాడు తోపులాట అయింది. చిన్నవాడు నందికొండ అతని చొక్కా పట్టుకున్నాడు. ఎవరి కాలో కేబుల్‌కు తగిలి అందరి ఆటా ఆగిపోయింది. కుర్చీ పడిన చప్పుడుకు కింద షాపు నడిపే చాచా పైకి వచ్చాడు. బిల్డింగు ఆయనదే. చేతిలో ఇంకా స్క్రూడ్రైవర్ ఉంది. పడిన కుర్చీ లేపి పెట్టి కిందికి వెళ్ళాడు. కాని నాలుగు రోజుల్లో బాపుకు సంగతి చేరింది.

బాపు పానగల్ నుంచి సైకిల్ మీద వచ్చాడు. మెట్లెక్కి గుమ్మంలోనే నిలబడ్డాడు. అన్న పోయాక ఆయన ఆ గదిలోకి అడుగు పెట్టలేదు.

"బిడ్డా, గా ఆట బంద్ చెయ్యి."

"క్లాసులకు పిల్లలు ఆట కోసమే వస్తున్నరు బాపు."

"నా కొడుకు పేరు మీద కొట్లాడుకుంటున్నరట గదా. బజారంత చెప్పుకుంటున్నరు. నాకు గది మంచిగ అనిపిస్తలేదు." మెట్ల వైపు తిరిగి అన్నాడు, "ఇంకోపారి గిట్లయితే మిషన్లన్ని ఇచ్చేస్త. నువ్వు ఇంట్ల ఉందువు."

ఆయన కోపంగా అనలేదు. అందుకే అన్నంత పనీ చేస్తాడని నాకు తెలిసింది.

ఆ సాయంత్రం నందికొండ అతన్ని ఉండమన్నాను. మందలిస్తానని అనుకున్నట్టున్నాడు, ముందే అన్నాడు. "అక్కా, నేను తప్పు జేసిన. కాని నేను కాకపోతె ఇంకొకడు జేస్తడు. తలుపుకు గొళ్ళెం బయట పెట్టిండు అన్న."

"మరి ఎట్ల ఆపాలె?"

"మీరే ముందుగాల ఆ పేరుతోని లోపలికి పోయి కూసోండ్రి. రెండోడు అదే పేరుతోని వస్తె సర్వర్ ఆ పేరు ముందల ఒకటి అంకె వెడ్తది. అంకె ఉన్నోడి మాట వినది."

అది నిజమే. పరీక్షించి చూశాను. అట్లా నా కాపలా మొదలైంది.

క్లాసులు అయిపోగానే సర్వర్ ఆన్ చేసి, నా మిషన్ దగ్గరికి వచ్చి, పేరు అడిగిన చోట ఆ నాలుగు అక్షరాలు కొట్టాలి. మొదటిరోజు రెండుసార్లు కొట్టి చెరిపాను. కొట్టాక అందరి తెరల మీదా 'అన్న వచ్చిండు' అని పడింది. ఈసారి ఎవరూ తలుపు వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. అందరూ తమ కీబోర్డులు చూసుకున్నారు. ముందుగా రామన్నపేట పెద్దాయనను బస్సులోంచి బయటికి వదిలాను.

నాకు ఆడడం రాదు. బస్టాండులో విచారణ కౌంటర్ వెనుక అన్నను నిలబెట్టి, కదలకుండా ఉంచేదాన్ని. గుండ్లు వచ్చి తగిలేవి, ఏమీ అయ్యేది కాదు. ఆట ముగిసేవరకు నేను లేవకూడదు. నేను బయటికి వస్తే పేరు ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన పేరును ఎవరైనా ఎత్తుకోవచ్చు. దాహమైతే ఎవరినో నీళ్ళు అడిగేదాన్ని. ఎదురుగా తెర మీద అదే కౌంటర్, అవే బస్సులు, తెరుచుకోని తలుపులు. తల తిప్పితే కిటికీ, కిటికీ నిండా పక్కింటి గోడ. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదవాలని చూశాను. ఒక పేజీ తర్వాత తెర చూడాల్సి వచ్చేది. ఒక్కోసారి ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని.

కరెంటు పోవడం ఇంకో బాధ. మా బ్యాటరీ ఎప్పుడో చెడిపోయింది. కరెంటు పోతే అన్నీ ఒక్కసారే ఆరిపోయేవి. వచ్చాక సర్వర్ దగ్గరికి పోయి దాన్ని నడిపించి, గది ఇటు చివర ఉన్న నా సీటుకు వచ్చేలోపు ఎవరైనా ఆ పేరు కొట్టేయవచ్చు. చాలామంది కొట్టేవాళ్ళు కాదు. కాని కొత్తవాళ్ళు వచ్చేవాళ్ళు, వాళ్ళకు ఇది పరుగుపందెం లాగా కనిపించేది. చీకట్లో కూర్చుని కరెంటు కోసం చూస్తూ నేను కుర్చీలో ఒక పక్కకు జరిగి, కాలు బయటికి పెట్టి ఉంచుకునేదాన్ని. అన్న పేరు కోసం డిగ్రీ పిల్లలతో పోటీపడి ఉరకడానికి.

ఒకసారి వెనకబడ్డాను. నా తెర మీద నా పేరు ముందు ఒకటి అంకె పడింది. ఎవరో అన్నారు, "అక్కా, ఇయ్యాల నువ్వు రెండో అన్నవు." నవ్వించాలనే అన్నాడు. నేను ఆ అంకె వైపు చూస్తూ ఉండిపోయాను. ముందు కొట్టినవాడు తనంతట తనే బయటికి వచ్చి, "కూసో అక్కా," అన్నాడు.

ఇట్లా ఎన్నాళ్ళు? మూడు దారులు కనిపించాయి. మాడ్ తీసేసి అసలు ఆట పెట్టడం. అప్పుడు గొడవ ఉండదు, బస్టాండూ ఉండదు. ఆట మొత్తం ఆపేయడం, అంటే బాపు మాట. లేదా మాడ్‌ను బాగుచేయడం.

బాగుచేయాలంటే అన్న రాసిన మూలం కావాలి. మాడ్‌ను మనిషి చదివే భాషలో రాసి, తర్వాత మిషన్ చదివే ఫైలుగా మారుస్తారు. ఆటకు రెండోది చాలు. మార్పులు చేయాలంటే మొదటిది ఉండాలి. మిషన్‌లో జాగా సరిపోదని అన్న మూలాన్ని ఫ్లాపీల్లో పెట్టుకునేవాడు. హైదరాబాద్‌లో స్నేహితుడికి చూపించడానికి ఆ రోజు వాటిని వెంట తీసుకుపోయాడు. సంచి మాకు ఇచ్చారు. ఫ్లాపీలు పగిలి ఉన్నాయి. ఒకటి రెండు పైకి బాగానే కనిపించినవి కూడా పెట్టి చూశాను. మిషన్ వాటిని చదవలేదు.

మిగిలింది మిషన్ భాష ఫైలు. దాన్ని మార్చే వీలుందని అన్న మాన్యువల్‌లోనే చదివాను. ఫైలును అక్షరాలుగా కాకుండా అంకెలుగా తెరిచి చూపే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది. ఒక ఆదివారం, గదిలో ఎవరూ లేనప్పుడు, ముందు నకలు తీసి పెట్టుకుని ఆ ఫైలు తెరిచాను. ఎడమవైపు అంకెల వరసలు, కుడివైపు వాటికి సరిపోయే గుర్తులు. చాలావరకు అర్థం లేని గుర్తులు. కిందికి జరుగుతూ పోతే మధ్యలో మాటలు కనిపించడం మొదలైంది. 'వచ్చిండు' అనే మాట. 'బస్సుల గూసో' అనే మాట. వాటి దగ్గరలో, రెండు సున్నాల నడుమ, ఆ నాలుగు అక్షరాలు.

అక్కడ ఇంకో పేరు రాయవచ్చు. కాని అది కూడా నాలుగు అక్షరాలే ఉండాలి. ఒక్క అక్షరం ఎక్కువైనా దాని తర్వాతివన్నీ జరిగిపోయి ఫైలు పాడవుతుంది. సోమవారం ఈ సంగతి పిల్లలకు చెప్పాను. వాళ్ళకు చెప్పకుండా చేయాలనిపించలేదు. ఆ ఆట వాళ్ళది కూడా.

"ఇంకేంది, అక్క అని వెట్టు," అన్నాడు రామన్నపేట చిన్నవాడు. "ఏ, కె, కె, ఏ. సరిగ్గ నాలుగు."

చాచా కొడుకు కూడా ఆడడానికి వచ్చేవాడు, నన్ను ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అనేవాడు. వేళ్ళ మీద లెక్కపెట్టి అన్నాడు, "భాయ్ గూడ నాలుగే. బి, హెచ్, ఏ, ఐ. మా దిక్కుకెళ్ళి గూడ ఒకటి ఉండనీయ్ ఆపా."

"ఆపా అంటె మూడే గద?"

"గందుకే భాయ్ అంటున్న."

"బాపు గూడ నాలుగే!"

"అవ్వ గూడ!"

"మనోళ్ళు చుట్టాలందర్ని నాలుగక్షరాలకు కుదించిర్రు పో."

చాలా రోజుల తర్వాత ఆ గదిలో నేను నవ్వాను. నందికొండ అతను అందరూ ఆపేదాకా ఆగి అన్నాడు. "ఏది వెట్టినా ఒకటే. ఎవలన్నా కొడ్తరు. ఎవ్వలికి తెల్వంది వెట్టినా, అక్క ఆ పేరుతోని లోపలికి రాంగనే అందరి తెరల మీద కనవడ్తది. పేరే తాళంచెవి ఉన్నన్ని రోజులు గంతే."

"మరి ఏం వెట్టాలె?"

అతను నా వైపు చూశాడు. అతనికి జవాబు తెలుసు. నాకూ తెలుసు, ముందురోజే తెలిసింది. అతను దాన్ని నోటితో అనలేదు. ఆ మర్యాద నేను మరిచిపోలేదు.

జవాబు ఇది. మిషన్ ఒక పేరును చదివేటప్పుడు సున్నా ఎదురైతే పేరు అయిపోయిందనుకుంటుంది. అన్న పేరులో మొదటి అక్షరం తీసి అక్కడ సున్నా పెడితే, పేరు మొదలవకముందే అయిపోతుంది. అధికారం ఖాళీ పేరుకు పోతుంది. ఖాళీ పేరుతో ఎవరూ ఆటలోకి రాలేరు. పేరు కొట్టనివాడికి ఆటే ఏదో ఒక పేరు తగిలిస్తుంది. కాబట్టి ఆ అధికారం ఇంక ఎవరికీ చెందదు. నాకు కూడా. బస్సులో ఎవరినీ పెట్టలేము, ఎవరినీ పంపించలేము, స్థలం మార్చలేము. బస్టాండు అన్న వదిలిపోయినట్టే ఉంటుంది. అందులో అన్న ఉండడు.

అప్పటివరకు నేను కాపలా కాసింది ఆటనా, ఆ పేరునా అని అడిగితే చెప్పలేను. రెండూ ఒకటే అనుకున్నాను. కౌంటర్ వెనుక కదలకుండా నిలబడిన ఆ బొమ్మకు దెబ్బ తగలకపోవడం నాకు అలవాటైంది. సాయంత్రాలు ఆ గదిలో చిక్కుకుపోయానని విసుక్కున్నాను గాని, ఇంట్లో ఉన్నప్పుడు ఆ కుర్చీ మీదికే మనసు పోయేది. సున్నా పెట్టకుండా ఇంకో వారం నడిపాను. ఆ వారంలోనే కరెంటు వచ్చిన ఒక సాయంత్రం ఇద్దరు కొత్తవాళ్ళు ఆ పేరు కోసం మళ్ళీ ఒకరినొకరు తోసుకున్నారు. ఒకడి పెదవి చిట్లింది. కింద రేడియో ఆగిపోయింది. చాచా పైకి రాలేదు గాని, బాపుకు ఈ కబురు పోవడానికి ఎంతోసేపు పట్టదని తెలుసు.

మర్నాడు పొద్దున క్లాసు మొదలుకాకముందే వెళ్ళాను. చివరిసారి ఆ పేరుతో లోపలికి పోయి, బస్సులో ఇంకా ఎవరైనా ఉన్నారేమో చూశాను. ఉన్నారు, ఎప్పుడో చదువు అయిపోయి వెళ్ళిపోయినవాడి పేరొకటి. దాన్నీ బస్సులోంచి బయటికి వదిలాను. బయటికి వచ్చి ఫైలు తెరిచి, మొదటి అక్షరం అంకె చెరిపి సున్నా కొట్టాను. మిగిలిన మూడు అక్షరాలు ఫైలులో అట్లాగే ఉన్నాయి. వాటిని తీయాల్సిన పనిలేదు. మిషన్ వాటి దాకా పోదు.

సాయంత్రం పిల్లలకు ఒక్కమాట చెప్పాను. "అయిపోయింది. ఇగ ఎవరి పేరుతోనైనా రండ్రి." నేను మిషన్ ముందు కూర్చోలేదు. గోడ దగ్గర కుర్చీలో కూర్చున్నాను.

రామన్నపేట చిన్నవాడు ఎప్పటిలాగే తన అన్నకు ఒక మిషన్ పట్టాడు. పేరు దగ్గర, ఆ నాలుగు అక్షరాలు కొట్టబోయి, ఆగి నా వైపు చూశాడు. నేను తలూపాను. కొట్టాడు. పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. చెరుకు బండి దగ్గర అతను తిరిగి చూసేలోపు చాచా కొడుకు కాల్చాడు. బొమ్మ పక్కకు ఒరిగి నేల మీద పడింది. ఎవరైనా పడితే తెర మీద రావడానికి అన్న ఒక వాక్యం రాసిపెట్టాడు, ఫలానావాణ్ణి ఫలానావాడు పండవెట్టిండు అని. ఆ వాక్యంలో పడినవాడి చోట అన్న అనే మాట రావడం అదే మొదటిసారి.

చాచా కొడుకు చేతులు కీబోర్డు మీది నుంచి తీసేశాడు. "ఆపా, నేను చూడలే... చేతికి అలవాటు."

"ఆడుండ్రి," అన్నాను.

"అక్కా..."

"ఆడుండ్రయ్యా. గందుకే జేసిన."

కాసేపటికి ఆడారు. మెల్లగా తిట్లు, నవ్వులు మొదలయ్యాయి. రామన్నపేట పెద్దాయన లేచి, పడి, మళ్ళీ లేచాడు. "ఆనాడు నన్ను పడగొట్టలేదని మంచిగ కసి తీర్చుకుంటున్నరు," అన్నాడు. "గదే మరి, రామన్నపేటల చెప్పుకుందువు పో," అన్నాడు నందికొండ అతను. నేను లేచి నిలబడ్డాను. ఎవరూ గమనించలేదు. తలుపు తీసుకుని మెట్లు దిగాను.

బజారులో ఇంకా వెలుతురు ఉంది. అంత వెలుతురులో ఆ మెట్లు దిగి చాలా రోజులైంది. చాచా ఒక రేడియో విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ళద్దాల మీది నుంచి చూశాడు.

"ఏం బిడ్డా, ఆట బంద్ అయిందా?"

"లేదు చాచా. నడుస్తాంది."

"మరి నువ్వు కిందికొచ్చినవ్?"

ఇంటికి పోయే బస్సుకు ఇంకా సమయం ఉంది. పైన కూర్చోవాల్సిన పని లేదు. చాచా నా జవాబు కోసం చూడలేదు. పక్కనున్న స్టూలు మీది సామాను తీసి కింద పెట్టి, దాన్ని నా వైపు జరిపాడు. నేను కూర్చున్నాను. ఆయన మళ్ళీ రేడియోలో తల పెట్టాడు. పై నుంచి కేకలు వినిపిస్తూనే ఉన్నాయి.